జంతువు ఏం నేర్చుకుంటుందో తెలిస్తే అడవికి ఏం లాభం?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఉస్మానియాలో జువాలజీ ఎమ్మెస్సీ చేస్తున్న ఒక విద్యార్థిని రాసింది: "జంతువులు ఎలా ఆలోచిస్తాయి, ఎలా నేర్చుకుంటాయి అన్న సబ్జెక్టు నాకు ఇష్టం. నాకేమో వన్యప్రాణి సంరక్షణలో పనిచేయాలని ఉంది. దానికి ఇది పనికిరాదు, జనాభా లెక్కలూ జన్యుశాస్త్రమూ చదువు అంటున్నారు మా సార్లు. నిజమేనా? ఇంకో మాట. మేడ్చల్ వైపు మా కాలనీలో కోతుల బెడద ఎక్కువ. కొండముచ్చు బొమ్మ ఫ్లెక్సీలు కట్టారు, టపాసులు కాల్చారు, మనుషుల్ని పెట్టి పట్టించి దూరంగా వదిలేశారు. ఏదీ నిలవలేదు. మీ సబ్జెక్టు దగ్గర దీనికి సమాధానం ఉందా?"

మీరు అడిగినవి రెండైనా నా దృష్టిలో ప్రశ్న ఒకటే, అందుకే కలిపి చెప్తాను. నేను ల్యాబ్ మనిషిని కాదు. మనుషులకూ అడవి జంతువులకూ గొడవ వచ్చే చోట్ల అటవీ సిబ్బందితో, జూ కీపర్లతో, రైతులతో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. కాబట్టి నా సమాధానం కూడా ఆ వైపు నుంచే ఉంటుంది.

మీ సార్లు చెప్పినదాంట్లో సగం నిజం. లెక్కలు, జన్యువులు రాకుండా ఈ రంగంలో అడుగు పెట్టకండి. మన హైదరాబాద్ అత్తాపూర్‌లో సీసీఎంబీ పరిశోధన సంస్థ వాళ్ల ల్యాకోన్స్ (అంతరించిపోతున్న జాతుల సంరక్షణ ల్యాబ్) ఉంది కదా, 2006లో కృత్రిమ గర్భధారణతో దుప్పి పిల్లను పుట్టించింది వాళ్లే. అలాంటి పని లేకపోతే కొన్ని జాతులు మన కళ్ల ముందే మాయమవుతాయి. కానీ పిల్లను పుట్టించడం ఒక పని, అది అడవిలో బతకడం ఇంకో పని. ఆ రెండో పని మొత్తం మీకు ఇష్టమైన సబ్జెక్టులోనే ఉంది.

ముందు ఒక అపోహ వదిలించుకుందాం. ఏ జంతువు ఎంత తెలివైనది అన్న ప్రశ్న సంరక్షణకు దాదాపు ఎందుకూ పనికిరాదు. న్యూయార్క్ బ్రాంక్స్ జూలో హ్యాపీ అనే ఆసియా ఏనుగు అద్దంలో చూసుకుని, తన ముఖం మీద వేసిన గుర్తును తొండంతో తడుముకుందని 2006లో పెద్ద వార్త అయింది. వినడానికి బాగుంటుంది. కానీ చిత్తూరు జిల్లాలో చెరకు తోటలోకి దిగిన గుంపు ముందు నిలబడ్డ బీట్ ఆఫీసర్‌కు ఆ సమాచారంతో ఒరిగేదేమీ లేదు. అతనికి కావలసిన ప్రశ్నలు వేరు. ఈ జంతువు కంటికి, ముక్కుకు, చెవికి ఏది ఆనుతుంది? దేన్ని ఒక్క దెబ్బకే నేర్చుకుంటుంది? ఎవర్ని చూసి నేర్చుకుంటుంది? దేన్ని కొన్నాళ్లకు పట్టించుకోవడం మానేస్తుంది? సంరక్షణ పథకాలు బోల్తా పడిన చోట వెనక్కి వెళ్లి చూస్తే, చాలాసార్లు వీటిలో ఒక ప్రశ్న ఎవరూ అడగకుండా వదిలేసి ఉంటారు.

ఇక మీ కోతులు. మీవాళ్లు చేసిన మూడు పనులూ ఫెయిలయ్యాయి, కానీ మూడింటికీ కారణం ఒకటి కాదు.

ఫ్లెక్సీ సంగతి అన్నిటికన్నా తేలిక. దెబ్బ తగలని బెదిరింపును ఏ జంతువైనా కొన్నాళ్లకు లెక్కలోంచి తీసేస్తుంది. నేర్చుకోవడంలో ఇదే అతి ప్రాథమికమైన రకం, నత్తలు కూడా చేస్తాయి. నిజమైన కొండముచ్చు కదులుతుంది, కళ్లలోకి చూస్తుంది, తరుముతుంది. ఫ్లెక్సీలో కొండముచ్చు పగలూ రాత్రీ ఒకే గోడ మీద ఒకే చూపుతో ఉంటుంది. రెండు మూడు రోజులు దూరంగా కూర్చుని చూసిన కోతికి అది కాగితమో గుడ్డో తెలియక్కర్లేదు, దానివల్ల ఏమీ జరగదని తెలిస్తే చాలు. 2022లో సిద్దిపేట జిల్లా కోహెడలో ఒక రైతు, పంట మీదికి కోతులు, అడవి పందులు రాకుండా రోజుకు 500 రూపాయలు కూలి ఇచ్చి ఒక మనిషికి ఎలుగుబంటి వేషం వేయించి పొలంలో తిప్పాడని వార్తలు వచ్చాయి. అందరూ నవ్వుకున్నారు కానీ ఆ రైతు ఆలోచన మన ఫ్లెక్సీల కన్నా ఎంతో మెరుగు. వేషం కదులుతుంది, ఎటు నుంచి వస్తుందో తెలియదు, జంతువు వైపు తిరిగి దాని మీదికే వస్తుంది. అదే మనిషి రోజూ పదకొండింటికి వచ్చి ఒకే చెట్టు కింద కునుకు తీస్తే మాత్రం ఆ ఎలుగుబంటికీ ఫ్లెక్సీకీ తేడా ఉండదు.

టపాసుల సమస్య వేరు. శిక్ష ఏదైనా జంతువు చేసిన పనికి వెంటనే అతుక్కోవాలి, లేకపోతే దేనికి పడిన శిక్షో దానికి అర్థం కాదు. కోతి వంటింట్లో దూరి బ్రెడ్ ప్యాకెట్ తీసుకుని పిట్టగోడ ఎక్కాక, ఎవరో ఇల్లంతా వెతికి టపాసు తెచ్చి ముట్టించేసరికి అది సగం తినేసి ఉంటుంది. దాంతో అది నేర్చుకునేది దొంగతనం మానడం కాదు, త్వరగా తినడం. పైగా మన మీద వాటి పరిశీలన మామూలుగా ఉండదు. ప్యూర్టోరికో దగ్గర కాయో శాంటియాగో అనే చిన్న దీవిలో రీసస్ కోతులు స్వేచ్ఛగా తిరుగుతుంటాయి. 1938లో మన దేశం నుంచే ఓడలో తీసుకెళ్లిన కోతుల వారసులవి. 2005లో అక్కడి ప్రయోగం ఒకటి చాలా సాదాగా ఉంటుంది: ఇద్దరు మనుషులు నిలబడతారు, ఇద్దరి ముందూ ద్రాక్షపండు ఉంటుంది, ఒకరు కోతి వైపు చూస్తుంటారు, రెండోవారు ముఖం తిప్పుకుని ఉంటారు. కోతులు చూడని మనిషి దగ్గరి పండునే ఎంచుకున్నాయి. శరీరం ఇటే ఉండి కళ్లు మాత్రమే పక్కకు తిప్పినా ఆ తేడా పట్టుకున్నాయి. మీ కాలనీలో ఏ ఇంట్లో అంకుల్ కర్ర పట్టుకుని నిజంగానే వస్తాడో, ఏ ఇంట్లో అమ్మమ్మ కేకలేసి లోపలికి పరిగెడుతుందో వాటికి తెలియదనుకోకండి.

పట్టి వదిలేయడం మూడింటిలోకీ నష్టం చేసే పని. తిండి ఉన్న చోటు ఖాళీ అయితే పక్క గుంపు వచ్చి కూర్చుంటుంది. మీరు పంపించిన గుంపేమో తలుపు గడియ తీయడం, కవర్ చించడం, పిల్లల చేతిలోంచి లాక్కోవడం అన్నీ నేర్చుకునే వెళ్లింది. ఆ విద్య ఇప్పుడు ఏ పల్లెలో దిగుతుందో ఆ పల్లె వాళ్ల ఖర్మ. సంరక్షణకు సంబంధించిన చిక్కు ఇక్కడ ఇంకొకటుంది. మన తెలంగాణలో రెండు రకాల కోతులున్నాయి. నెత్తిన టోపీ పెట్టినట్టు జుట్టు, పొడుగు తోక ఉండే బోనెట్ కోతి దక్షిణాదిది. తోక పొట్టిగా, వెనక భాగం ఎర్రగా ఉండే రీసస్ ఉత్తరాది నుంచి కిందికి పాకుతూ వస్తోంది. గోదావరి ఒకప్పుడు వీటి మధ్య సరిహద్దులా ఉండేది, ఇప్పుడు రీసస్ దాన్ని దాటి చాలా దూరం వచ్చేసింది. బోనెట్ చోటు తగ్గిపోతోంది, అంతర్జాతీయ జాబితాలో దాన్ని ప్రమాదపు అంచున ఉన్న జాతిగా చేర్చారు. అలాంటప్పుడు సిటీలో పట్టిన రీసస్ కోతుల్ని వ్యాన్‌లో తీసుకెళ్లి ఏ అడవి అంచునో దింపేసి "పునరావాసం" అని రాసుకుంటే, కాలనీ సమస్యను బోనెట్ కోతి నెత్తిన పెట్టినట్టే.

మరి పనికొచ్చేది ఏమిటి? అసలు ఈ బెడద ఎలా నిలబడుతోందో చూడండి. మంగళవారం, శనివారం ఎవరో ఒకరు ఆంజనేయస్వామి అనుకుని అరటిపళ్లు పెడతారు. మిగతా రోజుల్లో తరుముతారు. చెత్తడబ్బా ఒకరోజు మూసి ఉంటుంది, రెండు రోజులు తెరిచి ఉంటుంది. ఎప్పుడో ఒకసారి, ఎప్పుడో తెలియకుండా దక్కే బహుమతి రోజూ దక్కేదానికన్నా గట్టి అలవాటును నాటుతుంది. లాటరీ టికెట్లు కొనేవాడు పదిసార్లు పోయినా పదకొండోసారి కొంటాడు కదా, అదే లెక్క. శ్రీశైలం రోడ్డు మీద కార్లు ఆపి చిప్స్ విసిరేవాళ్లు అమ్రాబాద్ అడవి కోతులకు నేర్పుతున్నదీ ఇదే. రోడ్డు పక్కన కూర్చుంటే ఏదో ఒక కారు ఆగుతుందని నేర్చుకున్న కోతులు చక్రాల కింద పడి చస్తున్నాయి.

కాబట్టి తిండి ఆగాలి, పూర్తిగా ఆగాలి. ఇది చెప్పడం ఎవరైనా చెప్తారు. మీ సబ్జెక్టు అదనంగా చెప్పేది ఒకటుంది, నా అనుభవంలో గెలుపోటములు దాని మీదే తేలాయి. అలవాటైన బహుమతి హఠాత్తుగా ఆగితే జంతువు వెంటనే మానుకోదు. ముందు ఇంకా గట్టిగా ప్రయత్నిస్తుంది. డబ్బాలకు మూతలు బిగించిన మొదటి వారాల్లో కోతులు ఎక్కువగా వస్తాయి, పళ్లు చూపిస్తాయి, మీదికి దూకుతాయి. అప్పుడు కాలనీలో టెన్షన్ మొదలవుతుంది, వాట్సాప్ గ్రూపులో గొడవ, "ఈ పద్ధతి వల్లే ఎక్కువైంది" అని ఎవరో ఒకరు భయపడి నాలుగు అరటిపళ్లు విసిరేస్తారు. అంతటితో కోతులకు కొత్త పాఠం: మామూలుగా అడిగితే రాదు, కరవడానికి వస్తే వస్తుంది. పద్ధతి మొదలుపెట్టే ముందే ఈ దశ వస్తుందని ప్రతి ఇంటికీ చెప్పి ఉంచిన కాలనీలు నిలబడతాయి. చెప్పకుండా మొదలుపెట్టినవి మొదటికన్నా అధ్వానంగా తయారవుతాయి. నిర్మల్ దగ్గర 2020లో మొదలైన కోతుల కేంద్రంలో చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు కూడా అవసరమే. కాకపోతే ఆపరేషన్ రేపటి సంఖ్యను తగ్గిస్తుంది, ఇవాళ మీ వంటింట్లో ఉన్న కోతి బుద్ధిని మార్చదు.

చిరుతల విషయంలో ఇదే పొరపాటు ప్రాణాల మీదికి తెస్తుంది. 2020 లాక్‌డౌన్ రోజుల్లో కాటేదాన్ దగ్గర నడిరోడ్డు మీద పడుకున్న చిరుత వీడియో మీరూ చూసే ఉంటారు. ఇక్రిశాట్ క్యాంపస్‌లో, రాజేంద్రనగర్, మొయినాబాద్ వైపు చిరుత కనబడిందనగానే వచ్చే మొదటి డిమాండ్ "బోను పెట్టి పట్టుకెళ్లి అడవిలో వదలండి". మహారాష్ట్రలోని జున్నర్ ప్రాంతంలో సరిగ్గా అదే చేశారు. 2001 నుంచి పెద్ద ఎత్తున చిరుతల్ని పట్టి వేరే చోట్ల వదిలారు. అంతకుముందు అక్కడ మనుషుల మీద దాడులు ఏడాదికి సగటున 4, ఆ కార్యక్రమం మొదలయ్యాక అవి 17కు పెరిగాయి. చిరుతల మీద పరిశోధన చేసే విద్యా ఆత్రేయ బృందం దీన్ని 2011లో ప్రచురించింది. కారణం చిరుత బుర్రలో ఉంది. ఏ కుక్క ఏ వీధిలో పడుకుంటుంది, మనుషులు ఎప్పుడు బయటికి వస్తారు, ఏ వాగులో పగలు దాక్కోవచ్చు అన్నది దానికి కంఠతా వచ్చిన ఊరు ఒకటుంటుంది. ఆ జ్ఞానమే దాన్ని మనుషులకు ఎదురుపడకుండా ఉంచుతోంది. పట్టి, బోనులో రోజుల తరబడి జనం అరుపుల మధ్య ఉంచి, ముక్కూ మొహం తెలియని చోట వదిలితే ఆ జ్ఞానమంతా సున్నా. అది ఇంటివైపు నడక మొదలుపెడుతుంది, దారిలో ప్రతి పల్లెలోనూ తడబడుతుంది. దాడుల్లో కొన్ని వదిలిన చోట్ల దగ్గరే జరిగాయి.

ఊరి పక్కన ఉన్నా మనకు కనపడకుండా బతకగలగడం వాటి నేర్పే. 62 జాతుల క్షీరదాల మీద జరిగిన 76 అధ్యయనాలను కలిపి 2018లో చూస్తే, మనుషుల అలికిడి ఉన్న చోట జంతువులు సగటున 1.36 రెట్లు ఎక్కువగా రాత్రి పూటకు మారిపోయాయని తేలింది. వాటికి మనం కనబడుతున్నామన్నమాట, మన టైంటేబుల్ చూసి తమది మార్చుకున్నాయి. మరి మనం చేయాల్సింది ఆ టైంటేబుల్‌ను చెడగొట్టకపోవడం. మేకల కొట్టానికి తలుపు, పైకప్పు పెట్టడం, కోళ్ల వ్యర్థాలు పారేయకపోవడం (వాటికోసం కుక్కలు, కుక్కలకోసం చిరుత), ఒక్కసారి కనబడగానే బోను తేకపోవడం. జనం గుమిగూడితే మాత్రం చిరుతకన్నా ముందు జనాన్ని అదుపు చేయాలి. చుట్టుముట్టిన చిరుతకు తెలిసిన ఉపాయం ఒక్కటే ఉంటుంది.

ఏనుగుల దగ్గర అడగాల్సిన ప్రశ్న "ఎవర్ని చూసి నేర్చుకుంటుంది". దక్షిణాఫ్రికాలో క్రూగర్ పార్కులో ఏనుగుల సంఖ్య తగ్గించడానికి పెద్దవాటిని చంపి, అనాథలైన గున్నల్ని పిలానెస్‌బర్గ్ పార్కుకు తరలించారు. పెద్ద మగ ఏనుగు ఒక్కటీ లేని చోట ఆ మగ గున్నలు పెరిగి, వయసు రాకముందే మదమెక్కి, 1992 నుంచి 1997 మధ్య 40కి పైగా ఖడ్గమృగాలను చంపేశాయి. కంచెలు, కాపలా మాటలన్నీ అయ్యాక 1998లో క్రూగర్ నుంచి ఆరు పెద్ద మగ ఏనుగుల్ని తెచ్చి వదిలారు. కుర్రవాటి మదం దిగింది, హత్యలు ఆగాయి. మా ఊళ్లో ఈ కథ చెప్తే "ఇంట్లో పెద్దోళ్లు లేకపోతే అంతే" అని తేల్చేశారు, నేను గంటసేపు చెప్పింది అదే. కెన్యాలో అంబోసెలి ఏనుగుల మీద 2001లో వచ్చిన ఫలితం కూడా ఇటువంటిదే: గుంపును నడిపే ఆడ ఏనుగు వయసు ఎంత ఎక్కువైతే, తెలిసిన ఏనుగుల పిలుపునూ కొత్తవాటి పిలుపునూ ఆ గుంపు అంత బాగా విడదీసి గుర్తుపట్టింది. అంటే ముసలి ఆడ ఏనుగును కోల్పోతే లెక్కలో ఒకటే తగ్గుతుంది, గుంపు జ్ఞాపకంలో చాలా పోతుంది. తలల లెక్క మాత్రమే చూసే రిపోర్టులో ఈ నష్టం కనపడదు.

మన దగ్గరి సమస్యకు వస్తే, దక్షిణ భారతంలో పొలాలు, ఊళ్లు ఎక్కువగా ఉన్న చోట కుర్ర మగ ఏనుగులు పెద్ద పెద్ద మగ గుంపులుగా తిరగడం మొదలుపెట్టాయని 2019లో ఒక అధ్యయనం చూపించింది. ప్రమాదం ఎక్కువున్న చోట కలిసి తిరగడం, పంట తినడం ఒకదాన్నుంచి ఒకటి నేర్చుకోవడం వాటికి లాభం. కాబట్టి గుంపులో ఏ ఏనుగు దారి చూపుతోందో గుర్తుపట్టకుండా గుంపు మొత్తాన్ని డప్పులతో తరిమితే, మనం వాటికి చెదరకుండా పరిగెత్తడం నేర్పుతున్నట్టు. 2025లో ఆంధ్రప్రదేశ్ కర్ణాటక నుంచి కుంకీ ఏనుగుల్ని (అడవి ఏనుగుల్ని తరమడానికి శిక్షణ ఇచ్చిన పెంపుడు ఏనుగులు) తెచ్చుకుంది. కుంకీ పని చేస్తుంది, ఎందుకంటే అది ఫ్లెక్సీ కాదు. కానీ దాన్ని ఎక్కడ, ఏ ఏనుగు మీద వాడాలో చెప్పే మనిషి పక్కన ఉండాలి.

తేనెటీగల కంచె గురించి చాలామంది అడుగుతారు. లూసీ కింగ్ అనే పరిశోధకురాలు కెన్యాలో మొదలుపెట్టిన పద్ధతి అది, పొలం చుట్టూ తీగకు తేనెపెట్టెలు వేలాడదీస్తారు, ఏనుగు తీగను కదిపితే ఈగలు లేస్తాయి. ఏనుగు తొండం లోపల కుట్టిన ఈగను మరిచిపోదు. మన రైల్వే వాళ్లు ఈశాన్యంలో పట్టాల దగ్గర ఈగల మోత మాత్రం స్పీకర్లలో వినిపించే పరికరాలు పెట్టారు. కొంతకాలం పనిచేస్తుంది. కానీ కుట్టని మోతను ఏనుగు ఎన్నాళ్లు నమ్ముతుందో మీ కాలనీ ఫ్లెక్సీ కథ చదివాక మీరే చెప్పగలరు. నిజం ఈగలు అప్పుడప్పుడు కుడుతూ ఉంటేనే మోతకు విలువ.

దీన్నే తిరగేసి, జంతువుకు మంచి జరిగేలా వాడిన ఉదాహరణ నాకు చాలా ఇష్టం. ఆస్ట్రేలియాలో 1935లో చెరకు పురుగుల కోసమని తెచ్చి వదిలిన కేన్ టోడ్ అనే విషపు కప్పను తిని అక్కడి క్వాల్ అనే చిన్న మాంసాహారి గుంపులు గుంపులుగా చనిపోయింది. తిన్నాక వికారం వస్తే ఆ రుచిని ఒక్క దెబ్బకే జీవితాంతం వదిలేయడం చాలా జంతువుల్లో ఉన్న గుణం. పరిశోధకులు చిన్న చచ్చిన కప్పల్లో వికారం పుట్టించే మందు పెట్టి, జూలో పెరిగిన క్వాల్‌లకు తినిపించి, ఆ తర్వాత అడవిలో వదిలారు. మందు తినని వాటికన్నా తిన్నవి కప్ప జోలికి పోకుండా ఎక్కువ కాలం బతికాయని 2010లో ప్రచురించారు. ప్రాణం తీసే పాఠాన్ని వాంతితో సరిపెట్టారు!

మన జూపార్కులో పెంచి అడవిలో వదిలే జంతువులకూ ఇలాంటి చదువే కావాలి. నెహ్రూ జూ, ల్యాకోన్స్ కలిసి పెంచిన మూషిక జింకల్ని 2017 నుంచి అమ్రాబాద్ అడవిలో వదిలారు. పిల్లి కన్నా పెద్దగా ఉండని జంతువు, రాత్రి తిరిగేది, ప్రమాదం వస్తే కదలకుండా బిగుసుకుపోవడమే దాని ఆయుధం. జూ కంచెలో పుట్టిన జింకకు దేనికి బిగుసుకోవాలో ఎవరు చెప్తారు? హవాయి కాకి అనుభవం చూడండి. అప్పటికి అడవిలో పూర్తిగా అంతరించి, పెంపకం కేంద్రాల్లో మాత్రమే మిగిలిన పక్షి అది. 2016లో ఐదింటిని వదిలితే మూడు చనిపోయాయి, అక్కడి డేగ వాటిలో కొన్నింటిని ఎత్తుకుపోయింది. మిగిలిన రెండింటిని వెనక్కి తెచ్చి, తర్వాతి ఏడాది వదిలే పక్షులకు డేగ అంటే భయపడటం నేర్పారు. మొదట్లో బాగానే బతికాయి. తర్వాతి ఏళ్లలో మళ్లీ చాలా చనిపోయి, చివరికి 2020లో మిగిలినవాటిని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఈ ముగింపు కూడా చెప్తున్నది ఎందుకంటే, శిక్షణ మంత్రం కాదు. బోనులో కొన్ని పాఠాలతో తరతరాల అనుభవం తిరిగి రాదు.

ఆ తరతరాల అనుభవం ఎంత నెమ్మదిగా పోగవుతుందో అమెరికాలో కొండగొర్రెల మీద 2018లో వచ్చిన పరిశోధన చెప్తుంది. తరాలుగా ఒకే చోట ఉన్న మందలు పచ్చిక మొలిచే క్రమాన్ని వెంబడిస్తూ వలస వెళ్తాయి. ఎక్కడి నుంచో తెచ్చి కొత్తగా వదిలినవాటిలో దాదాపు ఏవీ వెళ్లలేదు, ఆ చోటు నేర్చుకోవడానికి మందలకు దశాబ్దాలు పట్టింది. దారి వాటి రక్తంలో లేదు, తల్లి వెంట నడిచిన నడకలో ఉంది. వలస జాతుల అంతర్జాతీయ ఒప్పందం ఈ మాటను ఒప్పుకుని, 2017లో రాళ్లతో కాయలు పగలగొట్టే పశ్చిమాఫ్రికా చింపాంజీల మీద ప్రత్యేక కార్యాచరణ తీసుకుంది. జన్యువులను మాత్రమే చూస్తే వాటిని విడిగా పట్టించుకునేవాళ్లు కాదేమో, నేర్చుకున్న విద్య వల్ల పట్టించుకున్నారు.

నేర్చుకోవడం అసలు సాధ్యం కాని చోట్లూ ఉంటాయి, అక్కడ ఇంద్రియాల జ్ఞానమే దిక్కు. కర్నూలు వైపు రోళ్లపాడు అభయారణ్యాన్ని 1988లో బట్టమేక (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) పక్షి కోసమే పెట్టారు. ఇప్పుడు అక్కడ ఆ పక్షి లేదు. దేశమంతటా కలిపి 150 లోపే మిగిలాయని అంచనా, ఎక్కువగా రాజస్థాన్‌లో. అక్కడ వాటిని చంపుతున్న వాటిలో కరెంటు తీగలు ముఖ్యమైనవి. అంత పెద్ద పక్షికి ఎదురుగా ఉన్న తీగ కనపడదా అని అందరూ అడుగుతారు. కనపడదు. 2010లో మార్టిన్, షా అనే ఇద్దరు పరిశోధకులు బట్టమేకకు దగ్గరి చుట్టమైన కోరి బస్టర్డ్ చూపును కొలిచారు. ఎగురుతూ తల 25 డిగ్రీలు కిందికి వంచితే చాలు, తాను వెళ్తున్న దిక్కే దానికి గుడ్డిచోటు అవుతుంది. కింద మేత, తోటి పక్షులు, దిగే చోటు చూసుకుంటూ ఎగిరే పక్షికి తల వంచకుండా కుదరదు. తగిలి నేర్చుకునే అవకాశమే లేదు, మొదటిసారికే చచ్చిపోతుంది కాబట్టి. తీగలకు మెరిసే బిళ్లలు కట్టడం కొంత మేలే కానీ, చూడని కంటికి బిళ్ల ఎంత మెరిస్తే ఏం? అందుకే తీగను భూమిలోకి దించాలి లేదా దారి మార్చాలి అన్న వాదన బలమైనది. 2021లో సుప్రీంకోర్టు ఆ దిశగా ఆదేశం ఇచ్చింది, 2024లో దాన్ని సవరించి నిపుణుల కమిటీకి అప్పగించింది.

మన ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అద్దాల టవర్లదీ ఇదే జబ్బు. అద్దంలో కనిపించే చెట్టు నిజం చెట్టే అనుకుంటుంది పక్షి. డేగ బొమ్మ స్టిక్కర్ ఒకటి అంటిస్తే దాని పక్క నుంచి వెళ్లి గుద్దుకుంటుంది. అద్దం బయటి వైపు సుమారు 5 సెంటీమీటర్లకొక చుక్కో గీతో ఉండాలి, అప్పుడే సందు లేదని పక్షికి తోస్తుంది. దీనికి పెద్ద ఖర్చు లేదు, ఆర్కిటెక్టుకు ముందే చెప్పే మనిషి లేడు.

ఒక హెచ్చరిక కూడా. జంతువుల మనసు గురించి మాట్లాడటం మొదలుపెట్టగానే మనవాళ్లు కథల్లోకి వెళ్లిపోతారు. పాము పగబట్టి వెతుక్కుంటూ వస్తుందన్న నమ్మకానికి ఆధారం ఏమీ లేదు, కానీ ఆ భయంతో ఒక పామును చంపి, జంట వస్తుందని రెండో పామునూ వెతికి చంపేవాళ్లున్నారు. కాకి సంగతి వేరు. సియాటెల్‌లో 2006లో ఒక మాస్క్ వేసుకుని కాకుల్ని పట్టి వదిలారు. ఆ మాస్క్‌తో ఎవరు నడిచినా ఏళ్ల తర్వాత కూడా అవి వెంటపడి అరిచాయి, అసలు పట్టుబడని కాకులూ అరిచాయి. రెండింటికీ తేడా ఏమిటంటే కాకి విషయం ఎవరో పరీక్షించి చూశారు. మీరు ఈ రంగంలోకి వస్తే కథకూ పరీక్షకూ మధ్య నిలబడటమే మీ ఉద్యోగం. అయితే కథలన్నీ కొట్టిపారేయకండి. నల్లమలలో అటవీశాఖకు కాపలా, జాడలు పట్టే పని చేసే చెంచుల దగ్గర ఉన్నది కథ కాదు, పరిశీలన. వాళ్లు చెప్పింది రాసుకోండి, తర్వాత పరీక్షించండి. చాలాసార్లు నిజమవుతుంది.

చదువు విషయానికొస్తే, గణాంకాలు, వాటి విశ్లేషణకు వాడే ఆర్ (R) ప్రోగ్రామింగ్ బాగా నేర్చుకోండి. ప్రవర్తన గమనించడం ఖర్చు లేని పని. మొదటి ప్రాజెక్టుకు అమీన్‌పూర్ చెరువు దగ్గర ఒకే జాతి కొంగ మనిషి ఎంత దగ్గరికి వస్తే లేస్తుందో కొలవండి, జనం తక్కువ వచ్చే ఇంకో చెరువులో అదే కొలవండి. ఆ దూరం తెలిస్తే వాకింగ్ ట్రాక్ ఒడ్డు నుంచి ఎంత జరగాలో చెప్పగలరు, మున్సిపాలిటీ వాళ్లకు అర్థమయ్యే భాష అదే. కేబీఆర్ పార్కు నెమళ్లతోనూ చేయొచ్చు. రక్షిత ప్రాంతంలో ఏం చేసినా, రికార్డు చేసిన కూతలు వినిపించాలన్నా, అటవీశాఖ అనుమతి తీసుకున్నాకే.

అంతకన్నా ముందు మీ కాలనీ ఉంది. మొదటి రెండు వారాలు ఏమీ మార్చకండి, కోతులు ఏ టైంకి, ఎన్ని, ఏ ఇంటికి, ఏం దక్కించుకున్నాయి అన్న నాలుగు గళ్లు మాత్రం రోజూ నింపండి. ఏమీ దక్కని రోజు కూడా రాయాలి, అందరూ మరిచేది అదే. తర్వాత మూతలు బిగించండి, పళ్లు పెట్టే వాళ్ల ఇళ్లకు వెళ్లి స్వయంగా మాట్లాడండి, ముందు ఎక్కువవుతుందని గ్రూపులో మెసేజ్ పెట్టి పిన్ చేయండి. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇళ్లకు ఆ వారాల్లో బాల్కనీ తలుపులు మూసే ఉంచమనండి. వీలైతే పక్క కాలనీలో ఏమీ మార్చకుండా అవే గళ్లు నింపే ఇంకొకర్ని చూసుకోండి, లేకపోతే తగ్గింది మీ మూతల వల్లో, పక్కన మామిడికాయలు రావడం వల్లో తెలియదు. ఆ షీట్లు నాకు పంపండి, ఎలా విశ్లేషించాలో చెప్తాను.